పెద్దలు కాస్త చేతులు కట్టుకుంటే చాలు
అయిదారేళ్ల పిల్లలకు సైన్స్ మేళాలు ఆటవిడుపే తప్ప బుర్రకేమీ ఎక్కదని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను, ఎక్కనివ్వనిది మనమే. ఫిబ్రవరి 28న, రామన్ ఎఫెక్ట్ పేరున జరుపుకునే జాతీయ విజ్ఞాన దినోత్సవానికి తిరుపతిలో ఒక కళాశాలవాళ్లు పెట్టిన మేళాకు మా అత్తగారితో సహా ఇంటిల్లిపాదీ వెళ్లాం. మా అమ్మాయి ఒక నిమ్మకాయకు జింకు పూత మేకు, రాగి తీగ గుచ్చి చిన్న ఎర్ర ఎల్‌ఈడీ తగిలించింది. వెలగలేదు. ఒక్కో కాయ ఇచ్చేది ఒక వోల్టు లోపే, ఎల్‌ఈడీ దీపానికేమో రెండు వోల్టులకు దగ్గరగా కావాలి. అక్కడున్న విద్యార్థిని ఆ సంగతి చెప్పకుండా ఇంకో కాయ చేతిలో పెట్టి ఊరుకుంది. పిల్ల కాయలు వరుసగా కలుపుతూ, ఒకచోట తీగలు తారుమారు చేసి, విప్పి మళ్లీ బిగిస్తే మినుకుమంది. పట్టపగలు కదా, మా అత్తగారు కొంగు అడ్డం పెడితేగానీ కనబడలేదు. పక్కనే ఒక తండ్రి కొడుకు చేతిలోంచి తీగలు లాక్కుని, తానే బిగించి, ఫోటో తీసి "పద, కొండకు ఆలస్యమవుతోంది" అన్నాడు. ఆ బాబుకేం ఎక్కుతుంది? కరెంటు నిమ్మకాయలో ఉందనుకునే పెద్దలూ తక్కువేమీ లేరు. జింకు కరుగుతూ వదిలే ఎలక్ట్రాన్లది ఆ పని. "అయితే చింతపండు పులుసుతోనూ వెలగాలే!" అన్నారు మా అత్తగారు. వెలుగుతుంది. మేళాల కోసం ఆగలేనివారికి అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉండనే ఉంది. అక్కడ కూడా మీటలు పిల్లల్నే నొక్కనివ్వండి.