దీపం కిటికీలో ఉండాలి

యూదుల దీపాల పండగ హనుక్కా. ఆ దీపాన్ని ఎక్కడ పెట్టాలో వాళ్ల ధర్మగ్రంథం తాల్ముద్ స్పష్టంగా చెబుతుంది. ఇంటి గుమ్మం బయట పెట్టాలి. మేడ మీద కాపురం ఉంటే వీధి వైపు కిటికీలో పెట్టాలి. దారినపోయే వాళ్లకు కనిపించాలి. ఒక రోజు నూనె ఎనిమిది రోజులు వెలిగిన మహిమను నలుగురికీ చాటడమే ఆ దీపం పని కనుక దాని వెలుగులో చదువుకోవడం, కుట్టుపని చేసుకోవడం కూడా తగదు, ఊరికే చూడాలంతే. ఇంత చెప్పాక తాల్ముద్ మరో మాట కలుపుతుంది: ప్రమాద కాలమైతే లోపల బల్ల మీద పెట్టుకున్నా చాలు. తలుపులు బిగించుకుని, తెర వేసుకుని, పిల్లల్ని గట్టిగా పాడవద్దని వారించి పండగ చేసుకున్న తరాలు ఎన్నో ఆ ఒక్క మాట వెనుక ఉన్నాయి.

అందుకే ఒక దేశాధినేత తన అధికార నివాసంలో, వాద్యబృందం వాయిస్తుండగా, అతిథుల మధ్య హనుక్కా దీపాలు వెలిగింపజేస్తే దాన్ని డిసెంబరు విందుల్లో ఒకటిగా మేము చూడలేం. బల్ల మీది దీపం కిటికీలోకి వచ్చిందని దాని అర్థం. ఇలాంటి అధికారిక వేడుకలు జరగాలన్నదే మా అభిప్రాయం. అయితే ప్రభుత్వం ఆతిథ్యమివ్వాలే తప్ప పండగను సొంతం చేసుకోకూడదు.

అమెరికాలో ఈ ఆనవాయితీ మొదలైన తీరే దీనికి మంచి ఉదాహరణ. 1979 డిసెంబరు 17న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ శ్వేతసౌధం నుంచి నడిచి ఎదురుగా ఉన్న లఫాయెట్ పార్కుకు వెళ్లారు. టెహ్రాన్‌లో తమ దౌత్య సిబ్బంది బందీలుగా ఉన్న రోజులవి. ఆయన బయట కనిపించడమే బాగా తగ్గిపోయింది. అప్పుడు కూడా వచ్చి, యూదు మతసంస్థ ఛబాద్ నిలబెట్టిన పెద్ద మెనోరా, అంటే హనుక్కా దీపస్తంభం, దగ్గర షమాష్ అనే దీపం వెలిగించారు.

ఈ షమాష్ గురించి కాస్త చెప్పుకోవాలి. హనుక్కా ఎనిమిది రాత్రుల పండగ, మెనోరాకు కొమ్మలు మాత్రం తొమ్మిది. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, ఇలా రోజుకొకటి పెంచుతూ ఎనిమిదో రాత్రికి వరుసంతా నింపుతారు. తొమ్మిదోది షమాష్. ఆ మాటకు సేవకుడని అర్థం. మిగతావాటిని దానితోనే వెలిగిస్తారు, దాన్ని మాత్రం లెక్కలో వేయరు. ప్రభుత్వానికి ఈ పండగలో తగిన చోటు అదేనని మేము నమ్ముతున్నాం. వెలిగించడానికి సాయపడాలి, లెక్కలోకి మాత్రం రాకూడదు.

శ్వేతసౌధం లోపల అధికారికంగా హనుక్కా విందు ఇచ్చిన తొలి అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్. అది 2001 డిసెంబరు, న్యూయార్క్ జంట భవనాలు కూలి మూడు నెలలు. అప్పటినుంచి పార్టీలు మారినా విందు మారలేదు. మెరైన్ బ్యాండ్ వాయిస్తుంది. చాలా ఏళ్లు ఏటా ఒక కొత్త మెనోరా తెచ్చేవారు, దాని వెనుక ఒక కథ ఉండేది. 2008లో వెలిగించినది 1951లో ఇజ్రాయెల్ తొలి ప్రధాని బెన్ గురియన్ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఇచ్చినది. దాన్ని వెలిగించింది ఆ ఇద్దరి మనవలు. 2022లో శ్వేతసౌధం వడ్రంగులే ఒక మెనోరా చేశారు. ట్రూమన్ కాలంలో భవనాన్ని బాగుచేస్తూ 1950లో ఊడదీసిన పాత కలపతో చేసినది. అంతవరకు అరువు తెచ్చుకుంటూ వచ్చిన మెనోరాకు ఆ ఇంట్లోనే సొంత చోటు దొరికింది.

మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది 2005లో వంటింట్లో జరిగిన పని. ఆ ఏడాది విందు కోసం శ్వేతసౌధం వంటగదిని మొదటిసారి కోషర్ నియమాల (యూదుల ఆహార నియమాల) ప్రకారం శుద్ధి చేశారు. కోషర్ శుద్ధి అంటే నీళ్లు చల్లడం కాదు. పొయ్యిలను ఎర్రగా కాల్చాలి, పాత్రలను మరిగే నీళ్లలో ముంచాలి, గట్లు కప్పాలి, రబ్బీలు (యూదు మతగురువులు) పక్కన నిలబడి చూడాలి. అతిథిని పిలిచి, ఆయన తినలేనిది వడ్డించి, నవ్వుతూ ఫొటో దిగడం ఎవరైనా చేస్తారు. ఆయన నియమం కోసం మన పొయ్యిని మార్చుకోవడం వేరు. మడి అంటే ఏమిటో తెలిసిన మన ఇళ్లలో ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వానికి మతంతో పనేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. అమెరికా సుప్రీంకోర్టు దీన్ని 1989లో పిట్స్‌బర్గ్ కేసులో తేల్చింది. కోర్టు భవనం మెట్ల మీద విడిగా పెట్టిన క్రీస్తు జనన దృశ్యం కుదరదంది. మరో ప్రభుత్వ భవనం బయట క్రిస్మస్ చెట్టు పక్కన నిలిపిన 18 అడుగుల మెనోరాకు అడ్డు చెప్పలేదు. ఒక మతాన్ని ప్రభుత్వం తనదిగా ప్రకటించడం వేరు, ఊళ్లో పలు రకాల పండగలున్నాయని గుర్తించడం వేరు అన్నది అందులోని తర్కం. హనుక్కా విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఈ పండగ పుట్టిందే రాజు తన మతాన్ని ప్రజలపై రుద్దినందుకు. సెల్యూసిడ్ రాజు నాలుగో ఆంటియోకస్ జెరూసలేం ఆలయాన్ని అపవిత్రం చేసి, యూదుల ఆచారాలను నిషేధించాడు. వాళ్లు తిరగబడి క్రీస్తుపూర్వం 164లో ఆలయాన్ని తిరిగి ప్రతిష్ఠించుకున్నారు. ఒక రోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్నది వాళ్ల విశ్వాసం. అలాంటి పండగను రాజు ఇంట్లో జరుపుతున్నప్పుడు రాజు ఒక అడుగు వెనక్కి నిలబడాలి.

నిలబడని సందర్భాలూ ఉన్నాయి. 2019 డిసెంబరు విందులో అధ్యక్షుడు ట్రంప్ యూదు ద్వేషంపై కార్యనిర్వాహక ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఉత్తర్వు మంచిచెడ్డలు వేరే చర్చ. ఆ సంతకానికి మరో రోజు దొరికేది. ఇజ్రాయెల్ ప్రభుత్వ విధానాలను ఈ దీపాలకు ముడిపెట్టడమూ ఇలాంటి పొరపాటే. ఆ విధానాలను తీవ్రంగా విమర్శించే హక్కు అందరికీ ఉంది, గాజా బిడ్డల కోసం కన్నీళ్లు పెట్టే హక్కూ ఉంది. ఆ లెక్కను మరో దేశంలో కిటికీలో దీపం పెట్టుకున్న కుటుంబంతో తేల్చుకోబోవడం అన్యాయం.

ఆ అన్యాయం ఎలా ఉంటుందో, దానికి జవాబు ఎలా ఉండాలో పత్రికగా మేము మరచిపోలేని సంఘటన ఒకటుంది. 1993 డిసెంబరులో మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్‌లో, కిటికీలో మెనోరా పెట్టుకున్న ఒక పసివాడి గదిలోకి ఎవరో అద్దం పగలగొట్టుకుని రాయి విసిరారు. మెనోరా తీసేయడం మంచిదని ఆ ఇంటికి సలహా వచ్చింది. తల్లి ఒప్పుకోలేదు. స్థానిక పత్రిక బిల్లింగ్స్ గెజెట్ పూర్తి పేజీ నిండా మెనోరా బొమ్మ వేసి, కత్తిరించి కిటికీలకు అతికించుకోమంది. యూదులు గుప్పెడు మంది ఉన్న ఆ ఊళ్లో సుమారు 10,000 ఇళ్ల కిటికీల్లో ఆ బొమ్మ కనిపించింది. వాటిలో కొన్ని అద్దాలూ పగిలాయి. జనం మాత్రం బొమ్మలు తీయలేదు. రోజూ ఇంత కాగితం అచ్చేసే మాకు, ఒక పేజీ అంతకన్నా మంచి పనికి వచ్చిన సందర్భం గుర్తుకు రావడం లేదు.

మన దేశానికి ఈ దీపాలు పరాయివి కావు. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ యూదులు తరతరాలుగా గానుగ ఆడి నూనె తీసేవారు. యూదుల విశ్రాంతి దినమైన శనివారం గానుగ ఆపేవారు కనుక చుట్టుపక్కల వాళ్లు ‘శనివార్ తేలీ’ (శనివారం నూనెవాళ్లు) అని పిలిచేవారు. ముంబయిలో 2008 నవంబరు దాడిలో ఉగ్రవాదులు ఛబాద్ కేంద్రంలో రబ్బీ దంపతులతో సహా ఆరుగురిని చంపారు. ఆ నగరంలోనే గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర హనుక్కా దీపాలు బహిరంగంగా వెలుగుతున్నాయి. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి. కేంద్రం గుర్తించిన ఆరు మైనారిటీ వర్గాల్లో మాత్రం వారు లేరు.

ఇక మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొద్ది పదుల కుటుంబాలున్నాయి. తమను బెనె ఎఫ్రాయిమ్ యూదులుగా చెప్పుకుంటారు. కూలిపనుల మీద బతికేవాళ్లే ఎక్కువ. చిన్న ప్రార్థనాలయం కట్టుకున్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడుకుని అక్కడ హీబ్రూలో ప్రార్థిస్తారు. వారి వంశమూలాల గురించి పరిశోధకులు చర్చించుకుంటారు, చర్చించుకోనీ. దీపానికి తోడు నిలవడానికి వంశవృక్షం అడగనక్కర్లేదు.

శ్వేతసౌధంలో 2003 నుంచి దీపావళి జరుగుతోంది. 2009లో ఒబామా స్వయంగా దీపం వెలిగించిన ఫొటోను మన తెలుగు ఇళ్లు ఎంత మురిపెంగా పంచుకున్నాయో అందరికీ గుర్తే. అదే మురిపెం కొత్తరెడ్డిపాలెం పిల్లలకూ దక్కాలి. హనుక్కా కూడా మన దీపావళిలాగే అమావాస్య చీకట్లను మధ్యలో పెట్టుకుని వస్తుంది. వచ్చే హనుక్కా తొలి రాత్రి జిల్లా కలెక్టర్ ఆ ఊరికి వెళ్లాలని మేము కోరుతున్నాం. వేదిక వద్దు, ఫ్లెక్సీ వద్దు, ప్రసంగం వద్దు. ముందు రోజు ఆ సందులో వీధి దీపాలు, డ్రైనేజీ సరిచేయించి, సాయంత్రం అక్కడి పెద్దలు పిలిచిన చోట కూర్చుంటే చాలు. వత్తి వెలిగించేది వాళ్లే.