పాము కాటుకు నాజా 200: తిరుగుతున్న ఆ మెసేజీకి జవాబు

గోదావరికి ఎర్రనీరు తగిలి సార్వా ఊడ్పులు మొదలయ్యేసరికి కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లోకి ఆ మెసేజీ మళ్లీ వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి తిరుగుతున్నదే. అందులో ఉండేది క్లుప్తంగా ఇదీ: దేశంలో 550 రకాల పాములుంటే విషమున్నవి పదే, పాము కరిచినవాళ్లు ఎక్కువగా భయంతోనే పోతారు, విషం ఒళ్లంతా పాకడానికి మూడు గంటలు పడుతుంది, కాటుకు పైన తాడుతో గట్టిగా కట్టి, సిరంజి ముందు భాగం కోసేసి దాంతో రక్తం లాగేయాలి, తర్వాత నాజా 200 అనే హోమియో మందు పది నిమిషాలకో చుక్క చొప్పున మూడుసార్లు నాలుక మీద వేస్తే మనిషి బతుకుతాడు, ఆసుపత్రి ఇంజెక్షన్లు వేలకు వేలు, అయినా పనిచేయవు, ఇది పదిమందికీ పంపి ప్రాణాలు కాపాడండి.

పంపేవాళ్ల మనసు మంచిదే. పొలంలో దిగే తమ్ముడికో, లంకలో ఉన్న అత్తగారికో పనికొస్తుందనే పంపుతారు. కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్పుకోవాలి. పాము కరిచాక మన చేతిలో ఉండేది సమయం ఒక్కటే. ఈ మెసేజీ చేయమన్న ప్రతి పనీ ఆ సమయాన్నే తినేస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదమైన మాట "మూడు గంటలు" అన్నది. అలాంటి గడువేదీ లేదు. ఏ పాము, ఎంత విషం ఎక్కించింది, ఎక్కడ కరిచింది, కరిచింది పెద్దవాళ్లనా పసిపిల్లనా అన్నదాన్ని బట్టి అంతా మారిపోతుంది. తాచుపాము కాటైతే ఒక్కోసారి అరగంటలోనే కనురెప్పలు వాలిపోయి, గుటక పడక, ఊపిరి అందని పరిస్థితి వస్తుంది. రక్తపింజరి విషం రక్తానికి గడ్డకట్టే గుణమే లేకుండా చేస్తుంది. కాటు చోట వాపు పాకుతూ ఉంటుంది, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడుతుంది, ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి.

కట్లపాము సంగతి ఇంకా మోసం. అది రాత్రిపూట తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. పాకలో చాప మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టే నొప్పితో మెలకువ వస్తుంది. రాత్రి తిన్నది అరగలేదనుకుని ఇంట్లోవాళ్లు వాము నమిలిస్తారు, సోడా తాగిస్తారు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, పాము ఎవరి కంటా పడలేదు. కట్లపాము కోరలు అంత చిన్నవి, కరిచినట్టు కూడా తెలియదు. కాసేపటికి రెప్పలు మూతలు పడిపోతుంటాయి. నిద్రమత్తనుకుంటారు. తర్వాత మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి కూడా మింగలేరు. అప్పటికి అర్థమయ్యేసరికి ఊపిరి తగ్గిపోతూ ఉంటుంది. మెసేజీలో చెప్పినట్టు గాటు వెతికి, దాని పైన కట్టు కట్టి, సిరంజి పెట్టేవాళ్లకు ఇక్కడ అసలు గాటే దొరకదు. వానాకాలంలో కింద పడుకున్న మనిషికి కడుపునొప్పి, రెప్పలు వాలడం రెండూ కలిసి వచ్చాయంటే పాముకాటే అనుకుని బయల్దేరండి. కాకపోతే మంచిదే.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. తాచు, కట్లపాము విషానికి కండరాలు పడిపోయిన మనిషి కళ్లు తెరవలేడు, మాట్లాడలేడు, వేలు కదపలేడు. అయినా చాలాసార్లు తెలివితోనే ఉంటాడు, మన మాటలు వింటూనే ఉంటాడు. ప్రాణం పోయిందని ఏడుపులు మొదలుపెట్టి ఆసుపత్రి ప్రయాణం ఆపేయకండి. ఊపిరి అందిస్తూ పోతే, ఆ తర్వాత వెంటిలేటర్ మీద ఉంచితే, ఇలాంటివాళ్లు లేచి ఇంటికి నడిచివచ్చిన సందర్భాలు వైద్యులందరికీ తెలుసు.

"భయంతోనే పోతారు" అన్న మాటలో కొంత నిజం ఉంది కాబట్టే అది జనానికి నచ్చుతుంది. మన బోదెల్లో, చేలల్లో కరిచేవి చాలావరకు నీరుకట్టు, జెర్రిపోతు లాంటి విషం లేని పాములే. విషపాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా ఊరికే కరుస్తుంది. వీళ్లకు ఏ మందూ లేకపోయినా ప్రాణానికేమీ కాదు. మంత్రానికీ, ఆకుపసరుకీ, ఈ నాజాకీ పేరొచ్చింది వీళ్ల వల్లే. బతికినవాళ్లు ఊరంతా చెప్పుకుంటారు, పోయినవాళ్ల గురించి "ఆయుష్షు తీరింది" అనుకుని ఊరుకుంటాం. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. సుమారు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. ఇంతమందీ భయపడి పోయినవాళ్లు కాదు. ధైర్యం చెప్పడం మాత్రం నిజంగా అవసరమే. మనిషి కంగారుపడి పరుగెత్తితే విషం ఒంట్లో తొందరగా పాకుతుంది. ధైర్యం చెబుతూనే బండి తీయండి.

550 రకాలు, పదే విషపువి అన్న లెక్కా తప్పే. దేశంలో ఉన్నవి సుమారు 300 పైచిలుకు జాతులు, అందులో విషమున్నవి 60 పైనే. అయినా కరిచినప్పుడు ఈ లెక్కతో పనిలేదు. "రెండు గాట్లుంటే విషపాము, లేకపోతే కాదు" అని కొందరు చెప్పేదీ నమ్మదగింది కాదు. ఒక్క కోరే దిగొచ్చు, గీసుకుపోయినట్టుండొచ్చు, కట్లపామైతే ఏమీ కనబడకపోవచ్చు.

తాడు కట్టడం మన ఊళ్లలో అందరికీ మొదట తోచే పని. కండువా, చీర అంచు, కొబ్బరితాడు, ఏది దొరికితే అది బిగించేస్తారు. దాంతో విషం పూర్తిగా ఆగదు, రక్తం మాత్రం ఆగిపోతుంది. రక్తపింజరి కాటుకైతే కాటు చోట కండ ముందే దెబ్బతింటూ ఉంటుంది. పైనుంచి బిగిస్తే కాలు తీసేయాల్సిన పరిస్థితి దాకా పోవచ్చు. ఎవరైనా ముందే బిగించేసి ఉంటే మాత్రం దారిలో ఒక్కసారిగా విప్పకండి, ఆగి ఉన్న విషం ఒక్కపెట్టున ఎక్కుతుంది. ఆసుపత్రిలో డాక్టరు ముందే విప్పాలి. కట్టాల్సింది తాడు కాదు. కాలు విరిగితే ఎలా కదలకుండా చెక్క పెట్టి గుడ్డ చుడతామో అలా, రక్తం ఆడేంత వదులుగా చుట్టి, కాలూ చెయ్యీ కదలనీయకుండా ఉంచాలి. కాలి పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు, గాజులు, దిష్టికి కట్టుకున్న నల్లతాడు వెంటనే తీసేయాలి. వాపు వచ్చాక అవి రావు, చర్మంలోకి కోసుకుపోతాయి.

సిరంజితో లాగడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మూడూ ఒకటే. విషం చర్మం లోపలికి వెళ్లిపోయింది, పైనుంచి లాగితే వచ్చేది రక్తమే. రక్తం గడ్డకట్టని మనిషిని కోస్తే ఆ రక్తం ఆగదు. ఇంతకన్నా దీని మీద చెప్పేదేమీ లేదు.

ఇక నాజా 200. నాజా అంటే తాచుపాము విషంతో మొదలుపెట్టే మందే, అది నిజం. పక్కన ఉన్న 200 చూడండి. ఒక వంతు విషానికి 99 వంతుల ద్రవం కలిపి, అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతులు కలిపి, ఇలా 200 సార్లు పలచన చేస్తారని ఆ అంకెకు అర్థం. దాదాపు పన్నెండోసారి దాటాక అసలు పదార్థం అణువొక్కటి మిగిలి ఉండే అవకాశమే పోతుంది. ఇంకా 188 సార్లు కలుపుతారు. సీసాలో ఉండేది ఆల్కహాల్, నీళ్లు. హోమియో మీద మీ నమ్మకం మీది, జలుబుకో దురదకో వాడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఊపిరి కండరాలను పట్టేసిన విషాన్ని మాత్రం అది విరిచేయలేదు. పది నిమిషాలకో చుక్క, మూడుసార్లంటే పోయింది అరగంట. తాచు కాటుకు ఆ అరగంటే ప్రాణం.

"ఆసుపత్రి ఇంజెక్షన్ పనిచేయదు, వేలు ఖర్చు" అన్నది ఇంటికొక మనిషిని పొట్టన పెట్టుకునే అబద్ధం. పాము విషానికి విరుగుడుగా నిరూపితమైన మందు యాంటీ స్నేక్ వెనమ్ ఒక్కటే. ఏఎస్‌వీ అంటారు. 1890ల్లో ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ తాచు విషం మీద మొదలుపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. కొద్దికొద్దిగా విషం ఎక్కించిన గుర్రాల రక్తంలో తయారయ్యే విరుగుడును వేరుచేసి శుద్ధి చేస్తారు. మనకు దొరికేది తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి పనిచేస్తుంది. అందుకే ఏ పాము కరిచిందో తేల్చుకోవాలని ఆగక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు.

దాంతో రియాక్షన్ రావచ్చన్నది నిజమే. దద్దుర్లు, వణుకు, ఒక్కోసారి బీపీ పడిపోవడం ఉంటాయి. వాటికి అడ్రినలిన్ లాంటి మందులు పక్కనే సిద్ధంగా పెట్టుకుని ఎక్కిస్తారు. ఏఎస్‌వీని ఇంట్లోనో ఊరి ఆర్.ఎం.పీ. దగ్గరో కాకుండా ఆసుపత్రిలోనే వేయించుకోవాలనడానికి కారణం ఇదే. పిల్లలకూ పెద్దల డోసే ఇస్తారు. పాము పిల్లవాడని తక్కువ విషం వదలదు కదా. గర్భిణులకూ ఇస్తారు. ఇంత చిన్నబిడ్డకి ఇన్ని సీసాలా అని అడ్డుపడకండి.

వెళ్లగానే ఇంజెక్షన్ వేయలేదని గొడవపడేవాళ్లూ ఉన్నారు. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తేనే ఏఎస్‌వీ వేస్తారు. కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకడితే ఒక ధైర్యం, నీళ్లలా జారితే రక్తపింజరి జాతి విషం ఎక్కినట్టే. చూడ్డానికి ఏమీ చేయకుండా కూర్చోబెట్టినట్టుంటుంది గానీ, ఆ 20 నిమిషాల్లో తేలేది చాలా ఉంది. బాగానే ఉన్నా 24 గంటలు ఉండమంటారు, ఉండండి. కట్లపాము విషం గంటల తర్వాత కూడా బయటపడుతుంది.

కొన్ని గ్రూపుల్లో చివర "పామును చంపి వెంట తీసుకెళ్లండి" అని ఇంకో వాక్యం కలిపారు. వద్దు. దాని వెంట పడితే రెండోవాళ్లకూ కాటు పడుతుంది. తల తెగిన పాము కూడా కాసేపటిదాకా కరవగలదు. దూరం నుంచి ఫోనులో ఫొటో దొరికితే తీయండి, లేకపోతే వదిలేయండి.

మరి మన డెల్టాలో ఏం చేయాలి? కాటు పడ్డ మనిషిని నడిపించకండి. పొలం నుంచి గట్టు దాకా మంచం మీదో, భుజాల మీదో మోయండి. 108కి ఫోను చేయండి. అంబులెన్సు రావడం ఆలస్యమయ్యేలా ఉంటే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పట్టుకుని, దారిలో ఎదురయ్యేలా బయల్దేరండి. వాంతులవుతుంటే, మగతగా ఉంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఏమీ తినిపించొద్దు, సారా అసలే పట్టొద్దు. కాటు పడిన టైము, ఆ తర్వాత ఏమేం కనిపించాయో గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి. దగ్గరి పీహెచ్‌సీలో మొదటి సీసాలు ఎక్కించి పైకి పంపినా మేలే. రెప్పలు వాలుతుంటే మాత్రం వెంటిలేటర్ కావాలి. కాకినాడ జీజీహెచ్, రాజమండ్రి, ఏలూరు లాంటి పెద్దాసుపత్రుల్లో మీకు ఏది దగ్గరో ముందే అనుకుని ఉంచుకోండి. మీ పీహెచ్‌సీలో రాత్రిళ్లు ఎవరుంటారు, ఏఎస్‌వీ ఉందా అన్నది వరదలకు ముందే వెళ్లి అడగండి. అడిగే హక్కు మనకుంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు వేటకెళ్లేవాళ్లకు వేరే జాగ్రత్త. వలలో వచ్చే సముద్రపు పాముల విషానికి మన ఏఎస్‌వీ పనిచేయదు. వాటి కాటుకు ఊపిరి, కిడ్నీలు కాపాడే చికిత్సే ఆధారం కాబట్టి నేరుగా పెద్దాసుపత్రికే పోవాలి.

లంకల్లో ఉన్నవాళ్లకు రోడ్డు కన్నా ముందు ఏరు అడ్డం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికే పాములు కూడా బొరియలొదిలి మెరకకి, ఏటిగట్టు మీదికి, కొబ్బరి డొక్కల గుట్టల్లోకి, గడ్డిమేటుల్లోకి చేరుతుంటాయి. ఆ రోజు నుంచీ రాత్రికి ఏ పడవ తీయొచ్చు, నడిపేవాళ్లెవరు, ఫోను నంబరేంటి అన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కింద పడుకోకండి. మంచం లేకపోతే దోమతెర కట్టి అంచులు చాప కిందికి గట్టిగా దోపండి, కట్లపాముకి అదే పెద్ద అడ్డు. చీకట్లో గట్టు మీదికి పోతే టార్చి ఉండాలి, డొక్కల గుట్టలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి. పునరావాస కేంద్రంలో చోటు తక్కువై నేల మీదే సర్దుకోవాల్సి వచ్చినా, పిల్లల వరకైనా దోమతెరలు అడిగి కట్టించండి.