సందులు వెతికే బుద్ధికి ఇంకో ఉద్యోగం

కర్నూలు, అనంతపురం పిల్లలు సైబర్ సెక్యూరిటీ చదివితే ఏదో బ్యాంకులోనో కన్సల్టింగ్‌లోనో ఉద్యోగం చూసుకోమంటాం. ఇంకో దారి ఉందని మనమే చెప్పం. మా బంధువుల అమ్మాయి పేటెంట్ దరఖాస్తులు రాసే పనిలోకి వెళ్తానంటే ఇంట్లో ఒకటే టెన్షన్. "ఇంజనీరింగ్ చదివి ప్లీడరు గుమాస్తా పనేందమ్మా?" అన్నాడు వాళ్ల పెదనాయన. ఇండియాలో పేటెంట్ ఏజెంట్ పరీక్షకు లా డిగ్రీ అక్కర్లేదు, సైన్సో ఇంజనీరింగో చదివుండాలని ఆయనకెవరు చెప్పాలి?

నన్నడిగితే ఈ పనికి సెక్యూరిటీ వాళ్లే సరైనవాళ్లు. పేటెంట్ ప్రాణమంతా క్లెయిముల్లో, అంటే ఆవిష్కరణలో ఏది మనదో హద్దు గీసి చెప్పే వాక్యాల్లో ఉంటుంది. "యూజర్ ఫోన్‌లో కీ తయారుచేసి" అని రాశామనుకోండి. కీ అంటే డేటాకు తాళం వేసే రహస్య సంఖ్య. పోటీ కంపెనీ అదే కీని సర్వర్‌లో తయారుచేసి తప్పుకుంటుంది. ఆ మాట దగ్గర ఆగి, దీన్నెలా తప్పించుకోవచ్చని ముందే అడిగేది పొద్దస్తమానం లాగిన్ పేజీల్లో సందులు వెతికే మనిషే. పోనీ మరీ విశాలంగా రాద్దామా అంటే పాత టెక్నాలజీ కూడా అందులో వచ్చి పడుతుంది, ఎగ్జామినర్ కొట్టేస్తారు. పైగా మన 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(కె) ఒకటుంది. వట్టి అల్గారిథమ్‌కు పేటెంట్ ఇవ్వరు, సాంకేతికంగా ఏం మెరుగైందో చూపాలి. ప్రోటోకాల్ లోపలి సంగతులు తెలియకుండా ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా ఇది రాయలేరు.

అనంతపురం జేఎన్‌టీయూలో గానీ ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో గానీ రీసెర్చ్ పేపర్ ఎప్పుడు వేస్తావని అడిగేవాళ్లుంటారు. ముందు పేటెంట్ ఫైల్ చేశావా అని అడిగేవాళ్లు కావాలి. సమాచారాన్ని రహస్యంగా పంపే ఆర్ఎస్ఏ పద్ధతి సంగతే చూడండి. 1977 ఆగస్టులో పత్రికలో వచ్చేసింది, దరఖాస్తు డిసెంబరులో పెట్టారు. బయటపెట్టాక కూడా ఏడాది గడువిచ్చే అమెరికాలో 1983లో పేటెంట్ దక్కింది, బయటి దేశాల్లో చేజారింది.

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘాల్లో ఊరి కాలేజీలకు విరాళం అనగానే కంప్యూటర్లు కొనిద్దామంటారు. వాటికి ఇప్పుడంత కరువేం లేదు. పేటెంట్ పనిలో ఉన్నవాళ్లు సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఒక పూట కాలేజీలో కూర్చుని క్లెయిములు రాయించండి. అక్కడి పిల్లలతో కలిసి అమెరికాలో ఫైల్ చేసేటట్టయితే సెక్షన్ 39 మాత్రం చూసుకోండి. ఇండియాలో ఉండేవాళ్లు ముందు పేటెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి, లేదా ఇండియాలోనే మొదట దరఖాస్తు పెట్టి ఆరు వారాలు ఆగాలి. ఇది పాటించకపోతే ఇండియా దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్కేస్తారు.