తూర్పు వాకిట్లో కుర్చీ వేయండి

న్యూజెర్సీలోని మన తెలుగు సంఘం వేసవి పిక్నిక్ అయిన మర్నాడు వాట్సాప్ గ్రూపులో ఫోటోలు కుప్పలుగా వచ్చి పడతాయి. వాటిలో చెట్లు బాగుంటాయి, ఆకాశం బాగుంటుంది, బిర్యానీ ట్రేలు కూడా బ్రహ్మాండంగా ఉంటాయి. మనుషులే బాగుండరు. కళ్లు చికిలించుకుని, కనుబొమల కింద నల్లటి గుంతలతో, ముక్కు నీడ పెదవి మీద పడి, అందరూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు కనిపిస్తారు. దీనికి కెమెరాను తిట్టుకుని కొత్త లెన్స్ ఆర్డర్ చేసేవాళ్లు మనలో తక్కువేం కాదు. ఆరుబయట మనిషి ఫోటో తీయడం నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదటి ఏడాది ఏమీ కొనకూడదని నా గట్టి అభిప్రాయం. ముఖం మీద వెలుగు ఎటునుంచి పడుతోందో చూడటం అలవాటు కావాలి. అది వచ్చేదాకా ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఆ గుంతలే ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తాయి.

మనకు వెనక ఏముందన్న దాని మీదే మోజు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నల్ని నయాగరా ముందు నిలబెడతాం. జలపాతమంతా పట్టాలని వెనక్కి వెనక్కి జరుగుతాం. చివరికి నాన్నగారు బొటనవేలంత మిగులుతారు. అలాంటివి ఒకటి రెండు ఉండాల్సిందే, ఊళ్లో చుట్టాలకు చూపించుకోవాలి కదా. కానీ నాన్నగారి ఫోటో అంటూ వేరే ఒకటి తీయాలి. దానికి నయాగరా అక్కర్లేదు.

వీడియోల్లో పాఠాలు చెప్పేవాళ్లు ఎవరైనా ముందు గోల్డెన్ అవర్ అంటారు, అంటే పొద్దు పొడిచాక ఓ గంట, పొద్దు గుంకే ముందు ఓ గంట. మంచి మాటే. కాకపోతే మన న్యూజెర్సీలో జూన్‌లో పొద్దు గుంకేది రాత్రి ఎనిమిదిన్నరకు. అప్పటికి పిల్లలు నిద్రకు తూగుతుంటారు, పెద్దవాళ్లు భోజనం మాట ఎత్తుతారు. చలికాలం లెక్క వేరు. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఇక్కడ న్యూజెర్సీ ఎడిసన్‌లో 26 డిగ్రీలు మించడు. అక్కడ మూడున్నర దాటాక పడే ఏటవాలు ఎండ ఇక్కడ పన్నెండింటికే దొరుకుతుందన్నమాట. మధ్యాహ్నం ఫోటోలు తీయొద్దన్న సూత్రం, సూర్యుడు నడినెత్తికి వచ్చే మే నెల హైదరాబాదుకు సరిపోతుంది. ఇక్కడి డిసెంబరులో దాన్ని పట్టుకుని కూర్చుంటే నాలుగున్నర ప్రాంతంలో పొద్దు గుంకిపోతుంది.

ఇక, మనలో చాలామందికి స్టూడియో ఇంటి ముందే ఉంది. రియల్టర్ ప్రాణం తోడేసి మరీ ఈస్ట్ ఫేసింగ్ ఇల్లే కొన్నాం కదా. వాస్తు సంగతి నాకు తెలియదు గానీ, ఫోటోకు మాత్రం ఆ ఇల్లు బాగా కలిసొస్తుంది. మధ్యాహ్నం తిరిగాక సూర్యుడు ఇంటి వెనక్కి వెళ్తాడు. ఇంటి నీడ వాకిట్లోకి సాగుతుంది, ఎదురుగా తూర్పు ఆకాశం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఆ నీడలో, ఎండ మొదలయ్యే అంచుకు కాస్త ఇవతల కుర్చీ వేసి మనిషిని వీధివైపు తిరిగి కూర్చోమనండి. ముఖమంతా మెత్తటి వెలుగు పరుచుకుంటుంది. కంటిపాపల్లో చిన్న తెల్లటి మెరుపు వచ్చిందేమో చూడండి, వస్తే కుర్చీ సరైన చోటే ఉన్నట్టు. డ్రైవ్‌వే కాంక్రీటుదైతే ఇంకా మంచిది. దాని మీద పడ్డ ఎండ కిందనుంచి పైకి కొట్టి గడ్డం కింది నీడను పల్చన చేస్తుంది. తారు డ్రైవ్‌వే ఆ సాయం చేయదు. గడ్డి మీద కూర్చోబెడితే పచ్చదనం దవడల మీదికి పాకుతుంది, తర్వాత దాన్ని వదిలించడం పెద్ద పని. ఇంటి ముఖం పడమరకు ఉన్నవాళ్లు ఇదే పని పొద్దున పూట చేయాలి.

ఇందులో కొత్తేమీ లేదు. ఊళ్లో వసారా అంచున కూర్చున్న అమ్మమ్మ ముఖం మీద పడేది ఈ వెలుగే. కరెంటు దీపాలు లేని కాలంలో ఫోటో స్టూడియోలకు ఉత్తరం వైపు పెద్ద పెద్ద అద్దాలు బిగించిందీ దీనికోసమే, అటునుంచి నేరుగా ఎండ రాదు గనక. 1880ల్లో ఆనాటి ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో తెరిచే నాటికి ఫోటోకు పగటి వెలుగే ప్రధాన ఆధారం. ఆ తరం ఫోటోగ్రాఫర్లకు కెమెరా కంటే ముందు కిటికీ తెలిసేది.

నీడ దొరకని చోట మనిషి వీపును సూర్యుడి వైపు తిప్పేయండి. జుట్టు అంచు మెరుస్తుంది, కళ్లు హాయిగా తెరుచుకుంటాయి. ముఖం చీకటిగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ముఖానికి తగ్గట్టు పెంచాలి. వెనక ఆకాశం తెల్లబోతే పోనివ్వండి.

ఫోన్‌తో తీసేవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఫోన్‌లో మామూలుగా తెరుచుకునే కెమెరా ఎక్కువ వెడల్పు పట్టే 24 నుంచి 26 ఎంఎం వైడ్ లెన్స్‌తో సమానం. దాంతో ముఖం నిండుగా రావాలని దగ్గరికి వెళ్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. తప్పు లెన్స్‌ది కాదు, మనం నిలబడ్డ దూరానిది. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ జూమ్ నొక్కండి. కెమెరా ఉన్నవాళ్ల జబ్బు ఇంకోటి, వెనకంతా కరిగిపోవాలి. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 85 ఎంఎం లెన్స్ పెట్టి, ఎఫ్/1.8లో, అంటే లెన్స్ కన్ను బాగా తెరిచి, ఒకటిన్నర మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. తల కొంచెం తిప్పితే ఒక కన్ను ఉంటుంది, రెండోది పోతుంది. దంపతుల్ని ఇలా తీసి ఇద్దరిలో ఒకరిని మసక చేస్తే ఆ ఇంట్లో మాట పడేది మనమే. ఆ కన్ను కాస్త మూసి ఎఫ్/4 దగ్గర మొదలుపెడితే గొడవ ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది రంగు. వెలుగును కొలిచే కెమెరా మీటరు తన ఎదుట ఏముందో ఎరగదు, అన్నిటినీ సగటు బూడిద రంగుకు లాగాలని చూస్తుంది. మంచులో నిలబెట్టి తీస్తే మంచు మురికిగా, ముఖం బొగ్గులా వచ్చేది అందుకే. న్యూవార్క్‌లోని బ్రాంచ్ బ్రూక్ పార్కులో 5,000కు పైగా చెర్రీ చెట్లున్నాయి. ఏప్రిల్‌లో మనవాళ్లంతా పట్టుచీరలు కట్టుకుని అక్కడ తేలతారు. మబ్బు పట్టిన రోజున ఆ లేత పూలు, తెల్లటి ఆకాశం కలిసి మీటరును అలాగే బోల్తా కొట్టిస్తాయి. తెలుపు ఎక్కువగా ఉన్నచోట ఎక్స్‌పోజర్ ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచాలి, ఒక్కో స్టాపుకూ వెలుగు రెట్టింపు అన్నమాట. ఐఫోన్‌లో అయితే ముఖం మీద తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపాలి. దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. స్పాట్ మీటరింగ్‌లో, అంటే ఒక్క చోటి వెలుగునే కొలిచే పద్ధతిలో, బాగా నల్లటి ముఖాన్ని మాత్రమే కొలిస్తే, దాన్నీ సగటుకే లాగి పాలిపోయినట్టు చేస్తుంది. అప్పుడు తగ్గించాలి.

కలర్ ఫిల్ము మన చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది కాదు. ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కొడాక్ ల్యాబులకు పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి మహిళ బొమ్మే ఉండేది. చాక్లెట్లు, చెక్క ఫర్నిచర్ అమ్మే కంపెనీలు తమ సరుకుల గోధుమ రంగుల్లో తేడాలు ఫిల్ములో తెలియడం లేదని ఫిర్యాదు చేశాక పరిస్థితి మెరుగుపడుతూ వచ్చింది. చాక్లెట్‌కు దొరికిన న్యాయం మనుషులకు అంత త్వరగా దొరకలేదు. 2021లో పిక్సెల్ 6 ఫోన్‌తో గూగుల్ రియల్ టోన్ అనే కెమెరా సదుపాయాన్ని ప్రకటించి ముదురు చర్మాల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టింది.

ఇప్పుడు నెపం ఫిల్ము మీద వేయలేం. తెల్లగా చేస్తున్నది మనమే. "కాస్త కలర్ వచ్చేట్టు చూడు బాబూ" అనే పిన్నిగారు ప్రతి ఫంక్షన్‌లోనూ ఉంటారు, ఆవిడ అడిగే కలర్ ఏ రంగో మనకు చెప్పక్కర్లేదు. సంబంధాల కోసం పంపే ఫోటోలైతే మరీను. చామనఛాయ పిల్ల ఫోటోలో పిండిబొమ్మ అవుతుంది, మెడా చేతులూ మాత్రం అసలు రంగులోనే ఉండిపోతాయి. కళ్ల కింది నీడను తేలిక చేయడం తప్పు కాదు, వెలుగు చాలనప్పుడు అది చేయాల్సిన పనే. చర్మం రంగు మార్చడం వేరు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎడిటింగ్‌లో రంగు తెల్లగా చేసే ఆ స్లయిడర్ ముట్టుకోకపోతే బాగుంటుంది. నీడలో మెత్తటి వెలుగు పడ్డ గోధుమ రంగు చర్మానికి ఎరుపు చీర, జరీ అంచు ఎంత నప్పుతాయో ఒక్కసారి మార్చకుండా ప్రింట్ తీసి పిన్నిగారి చేతిలో పెట్టండి. ఒప్పుకోకపోవచ్చు, ప్రయత్నించడంలో నష్టం లేదు.

కళ్లజోడు ఉన్నవాళ్లను గడ్డం కొద్దిగా దించమంటే అద్దాల్లో ఆకాశం మెరవదు. పళ్లు కనిపించేలా నవ్వమని పెద్దవాళ్లను వేధించకండి. కట్టుడు పళ్లున్నవాళ్లకు అది ఇబ్బంది. మామిడికాయలు ఈ ఏడు ఎలా ఉన్నాయనో, ఊళ్లో చెరువు నిండిందా అనో అడిగి, జవాబు చెప్పి ఆగిన క్షణంలో నొక్కండి.

కార్యవర్గానికి ఒక సూచన. ఉగాదికి హాల్లో పూలతెర కట్టి ఫ్లాష్ కొట్టే ఫోటో బూత్ ఉంటే ఉండనివ్వండి, పిల్లలకు అది సరదా. వచ్చే పిక్నిక్‌లో మాత్రం షెల్టర్ కప్పు అంచున, నీడలో ఒక కుర్చీ వేద్దాం. పిల్లల దగ్గర ఉండటానికి వచ్చి, ఆరు నెలలు కాగానే తిరుగు విమానం ఎక్కే తల్లిదండ్రులు మన దగ్గర ఎప్పుడూ కొందరు ఉంటారు. వాళ్లను ఒక్కొక్కరిగా కూర్చోబెడదాం. తీసే పని కెమెరాలు పట్టుకు తిరిగే మన హైస్కూలు పిల్లలకు అప్పగిద్దాం. వాళ్లకు వచ్చిన తెలుగు కాస్తయినా సరే, ఆ పది నిమిషాలూ పెద్దవాళ్లతో మాట్లాడక తప్పదు. నచ్చినదాన్ని 4×6 ప్రింట్ తీయించి ఇస్తే సూట్‌కేసులో బరువూ కాదు. కుర్చీ నేను తెస్తాను. వెలుగు తిప్పి కొట్టడానికి తెల్ల ఫోమ్ బోర్డు డాలర్ స్టోర్ నుంచి ఎవరైనా పట్టుకురండి.