ఆ తొమ్మిది తలలను వారసత్వ సంపదగా ప్రకటించాలి

ఆస్ట్రియాలోని గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి ప్రయోగశాలలో తొమ్మిది మంది కుర్చీలో కూర్చుని, తెర మీద బాణం గుర్తు కనబడినప్పుడల్లా ఎడమ చేతినో, కుడి చేతినో, పాదాలనో, నాలుకనో కదిలిస్తున్నట్టు మనసులో ఊహించుకున్నారు. తల మీద అమర్చిన 22 ఎలక్ట్రోడ్లు వారి మెదడు సంకేతాలను సెకనుకు 250 సార్ల చొప్పున నమోదు చేశాయి. ఆ రికార్డులను 2008లో ఒక అంతర్జాతీయ పోటీ కోసం అందరికీ ఉచితంగా ఇచ్చారు. మెదడులోని కదలిక సంకల్పాన్ని డీప్ లెర్నింగ్‌తో, అంటే ఉదాహరణలు చూసి తానే నేర్చుకునే పలు పొరల కంప్యూటర్ నెట్‌వర్క్‌తో, చదువుతామని బయలుదేరిన పండితులలో ఎంతో మంది ఈనాటికీ ఆ తొమ్మిది తలల నీడనే బతుకుతున్నారు. ఇంత మందిని పోషిస్తున్న తలలకు ఏ గుర్తింపూ లేకపోవడం అన్యాయమని మనవి చేస్తున్నాను.

సేవ ఎంతటిదో లెక్క చూద్దాం. ఒక్కొక్కరు రెండు వేర్వేరు రోజుల్లో, రోజుకు 288 సార్లు ఊహించారు. ఊహ నిడివి సుమారు నాలుగు సెకన్లు. తొమ్మిది మందివీ కూడితే ఆరు గంటలు కూడా నిండవు. ఆ ఆరు గంటల ఊహ మీద ఎన్ని డాక్టరేట్లు పుట్టాయో, ఎన్ని పదోన్నతులు వచ్చాయో లెక్కగట్టడం మానవమాత్రులకు సాధ్యం కాదు. ఎలక్ట్రోడ్ల టోపీ కొనే స్థోమత లేని కాలేజీలోని ఎం.టెక్. విద్యార్థికి కూడా ఒక ల్యాప్‌టాప్, ఆ ఫైలు ఉంటే చాలు. జిగురు రాయనక్కరలేదు, తల కడిగించనక్కరలేదు, ఎవరి సమ్మతి పత్రమూ అడగనక్కరలేదు.

విషయం గిట్టనివారు కొన్ని పితూరీలు చేస్తుంటారు. చేతిని కదిలించాలని తలచినప్పుడు మెదడులో ఆ చేతికి వ్యతిరేక పక్కన, సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఒక లయ కాస్త సద్దుమణుగుతుంది. నెట్‌వర్క్ పట్టుకోవలసింది ఆ తగ్గుదలనే. అయితే పుర్రె దాటి చర్మం మీదికి వచ్చేసరికి అది వోల్టులో లక్షల వంతుల్లోకి చిక్కిపోతుంది. కన్ను ఒక్కసారి ఆర్పితే పుట్టే సంకేతం దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. బాణం ఎడమకు చూపితే కన్నూ ఎడమకు జారవచ్చు కాబట్టి, కంటి కదలికలను నమోదు చేయడానికి గ్రాట్స్ వారు విడిగా మూడు ఎలక్ట్రోడ్లు పెట్టి, వాటిని వర్గీకరణకు వాడకూడదని కూడా ముందే చెప్పారు. అయినా నెట్‌వర్క్ చదివింది మనసునా, కనుగుడ్డునా అని అడిగే సమీక్షకులు అక్కడక్కడా తగులుతూనే ఉంటారు. వారికి నా సమాధానం ఒకటే: కచ్చితత్వం పెరిగిందా లేదా?

పెరిగింది. నాలుగు ఊహల్లో ఏదో ఒకటి కాబట్టి కళ్లు మూసుకుని చెప్పినా 25 శాతం వస్తుంది. 2008 పోటీలో గెలిచిన సింగపూర్ జట్టు లోతైన నెట్‌వర్కులేవీ లేకుండా, పౌనఃపున్యాలను వడగట్టే పాత గణితంతోనే నెగ్గింది. తరవాత నెట్‌వర్కులకు కొత్త కొత్త అమరికలు వచ్చాయి: కన్వల్యూషన్ వచ్చింది, అటెన్షన్ వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ప్రతి పరిశోధన పత్రమూ ముందటి పత్రం కన్నా దశాంశ బిందువు తరవాతి అంకెలో ముందుంటుంది. ఆ తలల పేర్లు ఎవరికీ తెలియవు గానీ, రెండో తలా ఆరో తలా నెట్‌వర్కుకు లొంగని మొండివని, మూడో తల బుద్ధిమంతురాలని ఈ రంగంలో పసివాళ్లకు కూడా తెలుసు. మొదటి రోజు రికార్డుతో నేర్పించి రెండో రోజు రికార్డుతో పరీక్షించమన్నది నియమం. కొందరు దూరదృష్టిపరులు రెండు రోజులనూ కలిపి, కలగలిపి, అందులోంచే పరీక్ష పెట్టుకుంటారు. ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థికి మార్కులు బాగా రావడంలో తప్పేమీ లేదు కదా.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఎనిమిది తలలతో నేర్పించి తొమ్మిదో తల మీద ప్రయోగిస్తే మార్కులు బాగా పడిపోతాయి. రచ్చ దాకా పోకుండా పక్క గదిలోనే ఓడిపోతున్నాం. అందుకే చాలా మంది వివేకవంతులు ఏ తలకు ఆ తలకే వేరుగా నేర్పి, సగటు తీసి, ముగింపుకు వెళ్లిపోతారు. పత్రంలోని మొదటి వాక్యంలో ఈ విద్య ఎవరి కోసమో ఆ పక్షవాత రోగి ఉంటాడు, చివరి వాక్యంలో భవిష్యత్ పరిశోధన ఉంటుంది, మధ్యలో పట్టిక ఉంటుంది. రోగి ఆ పట్టిక దాకా వచ్చిన దాఖలాలు తక్కువ.

ఈ మర్యాదను చెడగొట్టేవాళ్లూ లేకపోలేదు. 2021లో స్టాన్‌ఫర్డ్ బృందం మెడ కింది భాగమంతా చచ్చుబడిన ఒక వ్యక్తిని పెన్నుతో రాస్తున్నట్టు ప్రయత్నించమని చెప్పి, ఆ సంకేతాలను నెట్‌వర్క్‌తో అక్షరాలుగా మార్చింది: నిమిషానికి 90 అక్షరాలు, దిద్దుబాటు లేకుండానే 94 శాతం కచ్చితత్వం. కానీ వారు ఎంచుకున్న పద్ధతి ఎంత మొరటుదో గమనించండి. పుర్రె తెరిచి ఎలక్ట్రోడ్లను మెదడులోనే అమర్చారు. సంకేతాలు రోజురోజుకూ మారిపోతుంటే, ఏ రోజుకారోజు అతనితో మళ్లీ వాక్యాలు రాయించి నెట్‌వర్క్‌ను సరిచేసుకున్నారు. ఒక మనిషి కోసం అంత శ్రమ! అదే శ్రమను గ్రాట్స్ ఫైలు మీద పెట్టి ఉంటే ఎన్ని పత్రాలు వచ్చేవి?

కాబట్టి ప్రభుత్వాలకూ విశ్వవిద్యాలయాలకూ నా వినతులు ఇవి. తొమ్మిది తలలకూ జీవితకాల గౌరవ వేతనం ఇవ్వాలి, ఆరో తలకు ఓర్పు పురస్కారం అదనంగా ఇవ్వాలి. నిజంగానే చేయి కదలని వ్యక్తి ఎవరైనా ప్రయోగశాల తలుపు తట్టి నా తలను కూడా చదవండని అడిగితే లోపలికి రానివ్వవచ్చు. కానీ అతని సంకల్పాలు 22 చోట్ల నుంచే వస్తాయని, నాలుగు సెకన్ల ముక్కలుగానే వస్తాయని, బాణం కనబడ్డాకే మొదలవుతాయని ముందుగా హామీపత్రం రాయించుకోవాలి. లేకపోతే మన కోడు నడవదు.