ప్లాన్‌లో ఉంది కదా సార్!

బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఈ మధ్యే తెరిచిన ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ ముందు ఐదు మెట్లున్నాయి. పక్కన ర్యాంప్ కూడా ఉంది, అంటే ఉండేది, ఇప్పుడు దాని మీద జనరేటర్ కూర్చుంది. అనంతపురం నుంచి తల్లిని స్కానింగ్‌కి తీసుకొచ్చిన మా పాఠకుడు ఒకాయన, ఆవిడని వీల్‌చైర్‌తో సహా ఇద్దరు సెక్యూరిటీ వాళ్ల సాయంతో ఎత్తి లోపలికి చేర్చి, పని అయ్యాక మళ్లీ అలాగే దించి, ఒళ్లు మండి, ఆ బిల్డింగ్‌కి పర్మిషన్ ఇచ్చిన ఆఫీసుకే వెళ్లి అడిగితే దొరికిన జవాబు ఇది. ప్లాన్‌లో ఉంది కదా సార్.

నిజమే, ఉంది. ఈ ఊళ్లో అందరి ప్లాన్లలోనూ ఉంది. మా కోపమంతా దాని మీదే.

చట్టం పాఠం మళ్లీ చెప్పే ఓపిక మాకు లేదు, ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. అందులో సెక్షన్ 44 చదవడానికి నిమిషం కూడా పట్టదు: యాక్సెసిబిలిటీ రూల్స్ పాటించని ప్లాన్‌కి పర్మిషన్ ఇవ్వకూడదు, కట్టాక పాటించకపోతే కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు, అందులో దిగనివ్వకూడదు. గవర్నమెంటుదైనా ప్రైవేటుదైనా ఇదే. అంటే చట్టం రెండు గేట్లు పెట్టింది, కాగితం దగ్గర ఒకటి, కట్టిన బిల్డింగ్ దగ్గర ఒకటి. మనవాళ్లు మొదటి గేటు దగ్గర గీత చూసి వదిలేస్తారు, రెండో గేటు దగ్గర మొదటిది దాటింది కదా అని వదిలేస్తారు.

సరే, ఆ గీతైనా సరిగ్గా ఉందా? లెక్క కట్టడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ర్యాంప్ వాలు 1:12 కన్నా ఎక్కువ ఉండకూడదు, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. మెట్టు ఆరంగుళాలు అనుకుంటే ఐదు మెట్లంటే రెండున్నర అడుగుల ఎత్తు, పన్నెండుతో గుణిస్తే 30 అడుగుల ర్యాంప్ కావాలి, పైనా కిందా కుర్చీ నిలబెట్టుకునే చోటు అదనం. మన ఊళ్లో 30 బై 40 సైటు ముఖమే 30 అడుగులు! మరి ప్లాన్లలో కనిపించే ర్యాంప్ ఎంతుంటుంది? మెట్ల పక్కన ఆరడుగులు, ఏడడుగులు. అది స్కూటీ ఎక్కించుకోడానికి పనికొస్తుందేమో, కుర్చీలో మనిషి దాని మీద దిగితే జారుడుబల్లే. ప్లింత్, అంటే నేల మీద నుంచి బిల్డింగ్‌ని లేపే అరుగు, దాని ఎత్తు ఆ కాగితం మీదే రాసుంటుంది, ర్యాంప్ పొడవూ ఆ కాగితం మీదే ఉంటుంది, రెండింటినీ పక్కపక్కన పెట్టి భాగించే నాథుడు లేడు. ఫైలుకి కావాల్సింది ర్యాంప్ అనే మాట, అది ఉంది, టిక్కు పడింది.

టాయిలెట్ సంగతి ఇంకా దారుణం. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో వీల్‌చైర్ బొమ్మ రెడీగా ఉంటుంది, కాపీ కొట్టి పేస్ట్ చేస్తే అయిపోయింది. కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల గుండ్రటి ఖాళీ కావాలి కాబట్టి చుట్టూ ఒక చుక్కల సున్నా కూడా గీస్తారు, ఆ సున్నా మధ్యలోకి వాష్‌బేసిన్ వచ్చి కూర్చున్నా ఎవరికీ పట్టదు. తలుపు 900 మిల్లీమీటర్లని రాస్తారు, చౌకట్టు బిగించాక మిగిలిన సందు ఎంతో కొలిచిన వాళ్లు లేరు. బిల్డింగ్ తెరిచిన మూడో నెలకి అది ఎలాగూ ఫినాయిల్ డబ్బాలూ బకెట్లూ పెట్టుకునే గది అయిపోతుంది, తాళం సూపర్‌వైజర్ దగ్గరుంటుంది, ఆయన టీకి వెళ్లుంటాడు. పార్కింగ్ కూడా అంతే. ఎంట్రన్స్‌కి 30 మీటర్ల లోపు, ఒక్కోటి 3.6 మీటర్ల వెడల్పున రెండు కార్ల చోటు వదలాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్తుంది, వదిలిన చోట ఓనరు గారి ఫార్చ్యూనర్ ఉంటుంది.

బిల్డర్ల మాట కూడా చెప్పుకోవాలి కాబట్టి చెప్తున్నాం: సైట్లు చిన్నవి, చుట్టూ ఖాళీగా ఉంచాల్సిన సెట్‌బ్యాక్ వదిలాక మిగిలేదే తక్కువ, వానొస్తే నీళ్లు లోపలికి వస్తాయని ప్లింత్ లేపాల్సి వస్తోంది. 2022 సెప్టెంబర్‌లో బెల్లందూరు, యెమలూరు వైపు ఏమైందో మేం కూడా చూశాం, ఆ భయం అబద్ధం కాదు. అయితే ప్లింత్ లేపాలని ముందే తెలిసినప్పుడు ర్యాంప్ మలుపు తిప్పి పక్క నుంచి తేవచ్చని, ఎత్తు మరీ ఎక్కువైతే చిన్న లిఫ్ట్ పెట్టొచ్చని కూడా ముందే తెలుస్తుంది కదా, ప్లాన్ అనేది గీసేదే అందుకు. ఇంతకీ చోటు లేదనే ఇదే ఆర్కిటెక్టు వాస్తు కోసం ఏం చేస్తాడో చూడండి, ఈశాన్యం మూల బరువు రాకూడదంటే మెట్లు జరుగుతాయి, గుమ్మం తిరుగుతుంది, మెట్లు బేసి సంఖ్యలో రావాలంటే ఒకటి కలుస్తుంది, దానికి మాత్రం అంగుళం అంగుళం లెక్క! ఇందులో మనవాళ్లేం తక్కువ తినలేదు. మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ చూడ్డానికి వెళ్లిన తెలుగువాళ్లు ఫోన్‌లో కంపాస్ తీసి తూర్పు ఎటో చూస్తారు, క్లబ్‌హౌస్ అడుగుతారు, మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ ఈ మెట్లెలా ఎక్కుతుందని ఒక్కళ్లూ అడగరు.

సుప్రీంకోర్టు చెప్పలేదా అంటే చెప్పింది, గట్టిగానే చెప్పింది. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబర్ 8న ఇచ్చిన తీర్పులో, ఆ చట్టం కింద 2017లో పెట్టిన రూల్స్‌లోని 15(1) చట్టానికే విరుద్ధమని కొట్టేసింది, సలహాల్లాంటి గైడ్‌లైన్స్ సరిపోవు, తప్పనిసరి రూల్స్ మూడు నెలల్లో పెట్టమని కేంద్రానికి చెప్పింది. దేశంలో బిల్డింగులూ సర్వీసులూ ఎలా ఉన్నాయో కోర్టుకి రిపోర్టు రాసిచ్చింది మన హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్ వాళ్లే. పాటించకపోతే కంప్లీషన్ సర్టిఫికెట్ ఆపండి, ఫైన్ వేయండి అని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఫైన్ అంటే మొదటి తప్పుకి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా. పదివేలకి ఈ ఊళ్లో పీజీలో సింగిల్ రూమ్ దొరకడమే కష్టం, కోట్లు పెట్టి కట్టేవాడికి అదేం భయం? కాబట్టి పట్టు ఉన్నదల్లా ఓసీ దగ్గరే, అంటే కట్టిన బిల్డింగ్‌లో దిగొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర. ఓసీ లేకపోతే కరెంటు, నీళ్లు ఇవ్వకూడదని అదే సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో ఇంకో కేసులో చెప్పాక ఇక్కడి కరెంటు సంస్థ బెస్కాం కనెక్షన్ కోసం జనం ఎంత గోల పెట్టారో అందరికీ గుర్తుంది, అంటే ఆ కాగితం ఆపితే కదలిక వస్తుందని రుజువైనట్టే.

వచ్చిన కదలిక మాత్రం ఎటు పోయింది? 2025లో 1200 చదరపు అడుగుల లోపు సైట్లలో ఇళ్లకి ఓసీ అక్కర్లేదని రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. ఇళ్లకే లెండి, చిన్నవాళ్ల బాధ మాకూ తెలుసు, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఈ ఊళ్లో 30 బై 40 ఇల్లు ఎన్నాళ్లు ఇల్లుగా ఉంటుంది? కింద క్లినిక్ వస్తుంది, పైన పీజీ వస్తుంది, మధ్యలో ట్యూషన్. అంతకుముందే నంబికె నక్షె అని చిన్న ఇళ్లకి ఆర్కిటెక్టే సర్టిఫై చేసి ప్లాన్ తెచ్చుకునే పద్ధతి పెట్టారు. నంబికె అంటే కన్నడలో నమ్మకం. ఇళ్ల వరకు నమ్మండి, మేం కాదనం. నలుగురూ వచ్చిపోయే ఆస్పత్రీ బ్యాంకూ షాపూ కూడా ఇప్పుడు నడుస్తున్నది నమ్మకం మీదే, పేరు పెట్టలేదు అంతే. గీసినవాడు గీశాడు, చూసినవాడు నమ్మాడు, కట్టినవాడు నవ్వుకున్నాడు. రేపు ఇదే పద్ధతిని కమర్షియల్‌కి కూడా రాసిచ్చేస్తే ఆశ్చర్యపోయేవాళ్లు ఎవరూ ఉండరు, ఇప్పటికే జరుగుతున్నదే కదా అంటారు.

2025 సెప్టెంబర్ 2న పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. అంతకుముందు ఐదేళ్లు కార్పొరేటరే లేకుండా నడిచిన ఊరిది, అడగడానికి మనిషి లేడని అప్పుడు ఒక సాకు ఉండేది. ఇప్పుడు ఐదుగురు కమిషనర్లు, ఐదు టౌన్ ప్లానింగ్ విభాగాలు, కొత్త బోర్డులు, కొత్త లెటర్‌హెడ్లు. మేం అడిగేది పెద్దదేం కాదు. ప్లాన్ వచ్చినప్పుడు గేటు నుంచి కౌంటర్ దాకా, కౌంటర్ నుంచి టాయిలెట్ దాకా కుర్చీ వెళ్లే దారి లెవెల్స్‌తో సహా ఒకే షీట్ మీద చూపించమనండి, ర్యాంప్ పొడవుని ఎత్తుతో భాగిస్తే పన్నెండు కన్నా తక్కువ వస్తే ఆ రోజే వెనక్కి పంపండి. ఓసీకి ముందు ఒక్కసారి వెళ్లి కొలవండి, ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టండి, జనరేటర్ ఎక్కడుందో జనమే చెప్తారు. 2017 రూల్స్ వచ్చినప్పటి నుంచి ఐదేళ్లలో పాత పబ్లిక్ బిల్డింగులన్నీ మార్చాలని కూడా చట్టంలో ఉంది, ఆ గడువు 2022లోనే దాటింది, కాబట్టి వేరేవాళ్ల ఫైలు తెరిచే ముందు మీ ఆఫీసు గుమ్మం దగ్గర మెట్లెన్నో కూడా లెక్కపెట్టుకోండి.

దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, కన్సల్టెంట్ అసలే అక్కర్లేదు. మేస్త్రీ దగ్గరుండే నీళ్ల ట్యూబు, ఒక టేపు చాలు. టేపు కొనడానికి కూడా టెండర్ పిలవాలంటే చెప్పండి, ఐదు కార్పొరేషన్లకీ ఐదు మేమే కొని పంపిస్తాం. మా పాఠకుడు మళ్లీ వస్తాడు, వాళ్లమ్మకి వచ్చే నెల ఇంకో స్కానింగ్ ఉంది, ఆయనకి మాత్రం ప్లాన్‌లో ఉంది కదా అని ఇంకోసారి చెప్పకండి.