సవరణ: జెల్లీకి డబ్బా పైనాపిలే మంచిది

మొన్న పైనాపిల్ పుడ్డింగ్ గురించి రాస్తూ, డబ్బా ముక్కలు వేస్తే జెలటిన్ గడ్డకట్టదు, తాజా పండే వాడండి అన్నాను. పూర్తిగా తిరగేసి రాశాను, క్షమించాలి. గడ్డకట్టనిది తాజా పండుతోనే.

తాజా అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది. జెలటిన్ కూడా ప్రోటీనే కాబట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా నీళ్లలాగే ఉంటుంది. డబ్బాలో నింపేటప్పుడు పండును బాగా వేడిచేస్తారు, ఆ వేడికి ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది. తాజా పండే కావాలంటే ముక్కలను కాసేపు ఉడికించి, చల్లార్చి కలపండి. ఫ్రీజర్‌లో పెట్టి తీసినా లాభం లేదు, చలికి బ్రొమెలైన్ లొంగదు. జెలటిన్‌కు బదులు చైనా గ్రాస్ (అగర్) వాడేవాళ్లకు ఈ టెన్షనే లేదు. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, ప్రోటీన్ కాదు.

పైనాపిల్ రైతా చేదెక్కడానికీ కారణం ఈ బ్రొమెలైనే, పెరుగులోని ప్రోటీన్లనూ అది ముక్కలు చేస్తుంది. నేనేమో పాపం పెరుగును తిట్టుకున్నాను!

ఇంకొకటి. పైనాపిల్ కేసరికి కప్పు రవ్వకు కప్పున్నర చక్కెర అని ఇదివరకు నేను చెప్పిన కొలత తాజా పండుకు. పాకంలో ఊరిన డబ్బా ముక్కలైతే ఒక కప్పుతో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోండి.